రంగస్థల వాచికం: ఊపిరి, నిలబడే తీరు, ఉచ్చారణ

నాటకంలో మాట చివరి వరుసకు చేరడం లేదనగానే చాలామంది నటులు గొంతు పెంచుతారు. నిజానికి లోపం ఎక్కువసార్లు గొంతులో ఉండదు, వాక్యం ముగిసేలోపే ఊపిరి అయిపోవడంలో ఉంటుంది. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివరనే వస్తుంది. ‘చెప్పగలను’, ‘చెప్పలేను’ అనే మాటల్లో తేడా అంతా తోకలోనే ఉంది. అది వినపడకపోతే పాత్ర ఒప్పుకుందో కాదందో ప్రేక్షకుడికి తెలియదు. అందుకే సాధన ఊపిరితో మొదలుకావాలి.

చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకోండి. గాలి పీల్చినప్పుడు పుస్తకం పైకి లేవాలి, భుజాలు కదలకూడదు. తరువాత ‘స్‌’ అంటూ గాలిని సన్నగా, ఒకే ధారగా వదలండి. మొదట 15 సెకన్లు నిలిస్తే చాలు. ధార వణకడం మొదలైతే బలవంతంగా లాగకుండా అక్కడే ఆపాలి. ఇది పట్టుబడ్డాక ఇదే పని నిలబడి చేయాలి. పాదాలు భుజాల వెడల్పున ఉండాలి, మోకాళ్ళు బిగించకూడదు. మోకాళ్ళు బిగిస్తే నడుమూ, దానితో పొట్టా బిగుసుకుని ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది. రౌద్రం అభినయించేటప్పుడు మెడ నరాలు ఉబ్బుతున్నాయేమో అద్దంలో చూసుకోండి. ఉబ్బితే ఆ కోపం భారమంతా గొంతు మీద పడుతున్నట్టే.

ప్రదర్శనకు ముందు గొంతు సిద్ధం చేసుకోవడానికి ఒక గ్లాసు నీరు, ఒక స్ట్రా చాలు. స్ట్రాను రెండు వేళ్ళ లోతు ముంచి, బుడగలు వస్తుండగా ‘ఊ’ అనే నాదాన్ని మంద్రం నుంచి పైకీ, మళ్ళీ కిందికీ జార్చాలి. నీటి నుంచి వచ్చే ఎదురు ఒత్తిడి వల్ల స్వరతంత్రులు గట్టిగా ఒరుసుకోకుండా కంపిస్తాయి. మిరియాల పాలు హాయినిస్తాయి గానీ, మింగినదేదీ స్వరతంత్రులను నేరుగా తాకదు, అది అన్నవాహికలోకి పోతుంది. కాబట్టి నీళ్ళు తెర లేచే ముందు కాక, ఉదయం నుంచీ తాగుతూ ఉండాలి.

ఉచ్చారణలో మొదట చూడవలసినవి ఒత్తక్షరాలు, అంటే ఖ, ధ, భ వంటి ఒత్తి పలికే అక్షరాలు. అరచేతిని నోటి ముందు పెట్టుకుని ‘క’, ‘ఖ’ పలికితే రెండోదానికి గాలి తాకిడి ఎక్కువగా తెలియాలి. ‘ధర్మం’ ‘దర్మం’గా, ‘భీముడు’ ‘బీముడు’గా మారే అలవాటు ఈ సాధనతోనే పోతుంది.

పద్యం విషయంలో ఒక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. ఉత్పలమాలకు యతి 10వ అక్షరం, శార్దూలానికి 13వ అక్షరం అని నేర్చుకున్నవారు అక్కడే ఊపిరి తీస్తారు. సంస్కృతంలో యతి విరామస్థానం. తెలుగులో అది పాదం మొదటి అక్షరంతో కుదిరే అక్షరమైత్రి మాత్రమే, పదం మధ్యలో కూడా పడవచ్చు. అక్కడ ఆగితే సమాసం రెండు ముక్కలై అర్థం చెడుతుంది. అందువల్ల ముందు పద్యానికి అన్వయం చెప్పుకుని, అంటే పదాలను అర్థం కుదిరే వరుసలో పెట్టుకుని, దాన్ని వచనంగా నాలుగైదుసార్లు పలికి, అర్థం తెగే చోట పెన్సిలుతో గీత పెట్టుకుని, ఆ తరువాతే రాగం ఎత్తుకోవాలి. రాగం ముందు కుదిరితే మాట దాని వెనక పడిపోతుంది, దాన్ని మళ్ళీ ముందుకు తేవడం కష్టం.

గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడడం కన్నా అసలు మాట్లాడకపోవడమే మేలు. మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించుకోవాలి.