బండి టెంపర్డ్ అద్దానికి రంధ్రం ఎలా వేయాలి?

టెంపర్ అయిపోయిన, అంటే కొలిమిలో కాచి గాలితో ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచిన అద్దానికి రంధ్రం వేయలేం. ముందు ఈ మాట ఒప్పుకుంటేనే మిగతాది చదవండి. వడకి చిల్లు పిండి ముద్దగా ఉన్నప్పుడే పెడతారు, నూనెలో వేగాక కాదు. ఇదీ అంతే. కారు డోరు అద్దం కింది అంచున బోల్టుల కోసం, వెనక అద్దంలో వైపర్ కోసం కనిపించే రంధ్రాలన్నీ అది మామూలు గాజుగా ఉన్నప్పుడు వేసినవే. ఆ తర్వాతే అది కొలిమిలోకి వెళ్ళింది.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన ఈ పని చేస్తూ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. వారానికి ఒకరైనా టెంపర్ అయిన అద్దం చంకన పెట్టుకుని వస్తారు. "అన్నా, చిన్న బొక్కే కదా, మెల్లగా వేయి" అంటారు. కొత్తలో నేనూ మొహమాటానికి పోయాను. పలమనేరు నుంచి వచ్చిన ఒక లారీ డోరు అద్దానికి డ్రిల్ బిట్ ఆనించాను. అర నిమిషం బాగానే తిరిగింది. తర్వాత టప్‌మని ఒక్క శబ్దం, బల్లంతా కల్కండ పలుకులు. కొత్త అద్దం డబ్బులు నా జేబులోంచే పోయాయి.

ఎందుకలా అవుతుందంటే, గాజును 620 నుంచి 650 డిగ్రీల దాకా కాచి, రెండు వైపుల నుంచీ ఒక్కసారిగా గాలి కొడతారు. పైపొర వెంటనే గట్టిపడుతుంది. లోపలి భాగం ఆలస్యంగా చల్లారుతూ ముడుచుకుంటుంది, పైపొరను తన వైపు లాగుతుంది. అందుకే పైపొర ఎప్పుడూ నొక్కుడులో ఉంటుంది, నడుమ భాగం లాగుడులో ఉంటుంది. ఆ నొక్కుడు పొర ఒక్కో వైపు మందంలో సుమారు ఐదో వంతు. అంటే 5 మి.మీ. అద్దంలో ఆ పొర 1 మి.మీ. ఉంటుంది. బిట్ దాన్ని దాటి లాగుడు పొరను తాకిందంటే అద్దం మొత్తం పోతుంది. నీళ్ళలో ముంచి వేసినా పోతుంది, లక్ష రూపాయల బిట్ తెచ్చినా పోతుంది. మళ్ళీ కొలిమిలో కాచి నిదానంగా చల్లారిస్తే మామూలు గాజు అవుతుంది కదా అని ఒక ఇంజినీరు వాదించాడు. అవుతుంది. కానీ వంపు చెడుతుంది, ఆ ఖర్చుకి కొత్త అద్దమే వస్తుంది.

కాబట్టి చేయాల్సింది, అదే కొలతకి మామూలు గాజు కోసి, రంధ్రం వేసి, తర్వాత టఫన్ చేయించడం. మా షాపుల్లో టెంపర్డ్ అని ఎవరూ అనరు, టఫన్ అంటాం. ఇది కూడా జీపు, వ్యాను, పాత లారీల చదును అద్దాలకే. వంపు ఉన్న కారు అద్దం ఫ్యాక్టరీలో అచ్చు మీద తయారవుతుంది, దాన్ని రెడీమేడ్ కొనుక్కోండి. ముందు అద్దం జోలికి అసలు వెళ్ళకండి, అది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది, దాని లెక్క వేరు.

సామాను: బెంచ్ డ్రిల్, డైమండ్ పూత ఉన్న బోలు బిట్, నీళ్ళు, మైదా పిండి ముద్ద, పాత జంఖానా, మార్కర్ పెన్, కళ్ళకి రక్షణ అద్దాలు. హ్యాండ్ డ్రిల్ పట్టుకొస్తే నా షాపులో మెట్టు ఎక్కనివ్వను. చేయి వెంట్రుకవాసి వంగినా బిట్ అంచు గాజును కొరుకుతుంది.

పాత అద్దం ఉంటే దాన్ని అట్ట మీద పెట్టి గీసుకోండి, పగిలిపోయి ఉంటే డోరు ఫ్రేములోనే అట్ట కొలత తీయండి. ఆ కొలతకి గాజు కోసి, నాలుగంచులూ నూరించండి. ఇక్కడ కష్టమేమీ లేదు, ఏ అద్దాల షాపువాడైనా చేస్తాడు.

రంధ్రం ఎక్కడ వేయాలో గుర్తు పెట్టేటప్పుడు మూడు లెక్కలు. రంధ్రం అడ్డుకొలత గాజు మందం కంటే తక్కువ ఉండకూడదు. అంచు నుంచి రంధ్రం దాకా కనీసం మందానికి రెండు రెట్లు వదలాలి. మూలకి దగ్గరైతే నేను ఆరు రెట్లకి తగ్గను. 5 మి.మీ. గాజుకి అంచు నుంచి 10, మూల నుంచి 30 మి.మీ. వదలాలి. కస్టమర్ ఇంకా అంచుకి జరపమంటే జరపను, డబ్బులిచ్చినా జరపను. గుర్తు మార్కర్‌తోనే పెట్టాలి. మేకుతో గీశారంటే పగులుకి మీరే ముహూర్తం పెట్టినట్టు.

ఇప్పుడు అసలు పని. జంఖానా మీద గాజు చదునుగా పరిచి, గుర్తు చుట్టూ మైదా ముద్దతో గుండ్రంగా కట్ట కట్టి, లోపల నీళ్ళు పోయండి. చాలామంది పుట్టీ వాడతారు. అది గాజుకి జిడ్డు అంటిస్తుంది, ఆ జిడ్డుతో కొలిమికి పోతే మరక పడుతుంది. మైదా కడిగితే పోతుంది. కిరోసిన్ పోసే పాత మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళతో నేను వాదించను, కానీ నా బల్ల మీద నీళ్ళే. మోటారుకి, వైరుకి నీళ్ళు తగలకుండా చూసుకోండి.

బిట్ ఆనించి మెల్లగా దించండి. పెద్ద బిట్ అయితే వేగం తగ్గించాలి. నొక్కకూడదు. బిట్ తన బరువుతో తాను తినాలి, మీ చేయి దాన్ని ఆపుతూ ఉండాలి. నీళ్ళు పాలలా తెల్లగా మారితే గాజు పొడి వస్తోందని అర్థం. ప్రతి పది సెకన్లకి బిట్ పైకెత్తి నీళ్ళు లోపలికి పోనివ్వండి. నీళ్ళు ఆరిపోతే బిట్ వేడెక్కుతుంది, గాజు అక్కడే బీట తీస్తుంది. మే నెలలో మధ్యాహ్నం పూట నేను ఈ పని పెట్టుకోను, మన ఎండకి కట్టలో నీళ్ళు నిలవవు.

సగం మందం రాగానే ఆపేయండి. గాజు తిప్పి, అదే గుర్తు మీద రెండో వైపు నుంచి మొదలుపెట్టండి. అందరూ చెడగొట్టేది ఇక్కడే. ఒకే వైపు నుంచి చివరిదాకా దించితే, బిట్ బయటపడే క్షణంలో అడుగున మిగిలిన పలుచని పొర తట్టుకోలేదు, పెచ్చు లేస్తుంది. బయటికి గోరంత పెచ్చే. "పైన రబ్బరు వాషర్ వస్తుందిలే, కనిపించదు" అంటారు. కనిపించకపోవచ్చు. కానీ కొలిమిలో వేడి ఎక్కేటప్పుడు, గాలి కొట్టేటప్పుడు రంధ్రం అంచు మీదే ఒత్తిడి ఎక్కువ పడుతుంది. ఆ పెచ్చు నుంచే పగులు మొదలవుతుంది. కొలిమిలో మన అద్దం పగిలితే పక్కనున్నవాళ్ళ అద్దాల మీద కూడా ముక్కలు పడతాయి, వాళ్ళు మాటలనేది మనల్నే. పెద్ద ఫ్యాక్టరీల్లో కింద ఒకటి, పైన ఒకటి రెండు బిట్లు పెట్టి వేస్తారు. కారణం ఇదే. మనకి రెండు బిట్లు లేవు కాబట్టి గాజు తిప్పుతాం.

తిప్పాక గుర్తు సరిగ్గా కలవాలి. అర మి.మీ. జరిగినా రంధ్రం మధ్యలో మెట్టు పడుతుంది, అదీ పగులుకి చోటే. నేను తిప్పకముందే రెండు వైపులా గుర్తు పెట్టుకుంటాను, అంచుల నుంచి టేపుతో రెండుసార్లు కొలుస్తాను. రెండు రంధ్రాలు కలిసే ముందు చేయి ఇంకా తేలిక చేయాలి. నడుమ బిళ్ళ ఊడి బిట్‌లో ఇరుక్కుంటే మోటారు ఆపి, పుల్లతో తోయండి, సుత్తితో కొట్టకండి.

తర్వాత రంధ్రం రెండు అంచుల పదును చంపాలి. రంధ్రం అంచును వాలుగా నూరే డైమండ్ కౌంటర్‌సింక్ బిట్ ఉంటే అది, లేకపోతే సన్నని సానరాయి, నీళ్ళతోనే. వేలు తిప్పితే ఎక్కడా గీసుకోకూడదు. లోపలి గోడ మీద మెరిసే గీత కనిపిస్తే దాన్నీ నూరండి. పోకపోతే ఆ గాజు పక్కన పడేయండి. కొలిమి కూలీ కంటే గాజు ముక్క చవక.

కడిగి ఆరబెట్టి టఫన్‌కి పంపండి. అక్కడ ఒక్కో మి.మీ. మందానికి సుమారు 40 సెకన్లు కొలిమిలో ఉంటుంది, మన 5 మి.మీ. గాజు మూడు నిమిషాల పైన. బండికని ముందే చెప్పి, బండ్ల సేఫ్టీ గ్లాసుకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 2553 రెండో భాగం ముద్ర వేస్తారో లేదో అడగండి. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బండిలో సేఫ్టీ గ్లాసే ఉండాలి, మామూలు గాజు బిగించి తిప్పకూడదు. వచ్చాక ఇంకో రంధ్రం గుర్తొచ్చినా, అంచు కొంచెం నూరాలనిపించినా, ఇక కుదరదు. మళ్ళీ మొదటి నుంచి రావాల్సిందే.

బిగించేటప్పుడు బోల్టు ఇనుము గాజుకి నేరుగా తగలకూడదు. రంధ్రంలో నైలాన్ బుష్ (చిన్న గొట్టం లాంటి తొడుగు), రెండు వైపులా రబ్బరు వాషర్ వేసి, నట్టు చేత్తో బిగించాక స్పానర్‌తో పావు చుట్టు చాలు. కొండ ఎక్కే జీపులకి ఘాట్ రోడ్డు మలుపుల్లో బాడీ అటూ ఇటూ ఊగుతుంది, నెల తర్వాత ఒకసారి ఆ నట్టు వదులైందేమో చూసుకోండి.