డిబేట్ పేరు బోర్డులు: ఒక చార్టుకు ఆరు

స్కూల్ డిబేట్ కాన్ఫరెన్స్ సొంతంగా నడుపుతున్న పిల్లలకు బల్లల మీద పెట్టే పేరు బోర్డుల ఖర్చు అనవసరపు టెన్షన్. మా అమ్మాయి ఇంట్లోనే చేసేసింది, బాగానే వచ్చాయి.

విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు వెళ్తే మందంగా ఉన్న తెల్ల చార్టులు తెచ్చుకోండి. 22 అంగుళాల వైపు సగానికి, 28 అంగుళాల వైపు మూడు భాగాలకు కోస్తే ఆరు ముక్కలు. 40 మందికి ఏడు చార్టులు చాలు, రెండు ముక్కలు మిగులుతాయి కూడా. ముక్క పొడవు 11 అంగుళాలు కదా, దాని మీద 3.5, 7, 10.5 దగ్గర గీతలు పెట్టాలి. ఇంకు అయిపోయిన పెన్నుతో స్కేలు వెంట గట్టిగా గీకితే మడత వంకర పోదు. రెండు ముఖాల మీద పర్మనెంట్ మార్కర్‌తో పేరు రాయాలి. స్కెచ్ పెన్ వద్దు, చెమట చేతులకు అలుక్కుపోతుంది. చివర మిగిలిన అర అంగుళం పట్టీని మాత్రం ఇంట్లో అతికించకండి. బల్లపరుపుగా పేర్చి సంచిలో పెట్టుకుంటే గాజువాక నుంచి ఎంవీపీ కాలనీ దాకా సిటీ బస్సులోనైనా నలగకుండా వస్తాయి. హాల్లో స్టేప్లర్ కొడితే త్రికోణంగా నిలబడతాయి.

బీచ్ రోడ్డు వైపు కిటికీలు తెరిచి ఉండే హాలైతే ఇవి నిలవవు, గాలికి ఎగురుతాయి. అక్కడ అడుగు భాగాన్ని టేపుతో బల్లకు అంటించాల్సిందే. కానీ మాట్లాడే అవకాశం కోసం బోర్డు పైకెత్తే పద్ధతి ఉంటే టేపూ కుదరదు, కిటికీలు మూయించండి.