వాల్వు గిటార్ ఆంప్, 4వ పాఠం: ఇనుము దగ్గర పొదుపు వద్దు

పోయిన పాఠంలో 12ఏఎక్స్7 వాల్వుతో ప్రీఆంప్ (గిటార్ చిన్న సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) దాకా వచ్చాం. ఈసారి 6వి6 పవర్ వాల్వు, దాని వెనక వాల్వును స్పీకరుకు కుదిర్చే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. జేబుకు చిల్లు పడేది ఇక్కడే.

డేటా షీటు ప్రకారం 6వి6కు 250 వోల్టులు, 5,000 ఓముల లోడు ఇస్తే 4.5 వాట్లు వస్తాయి. స్పీకరు 8 ఓములు. 5,000ను 8తో భాగిస్తే 625, దాని వర్గమూలం 25. అంటే సెకండరీలో (స్పీకరు వైపు తీగచుట్ట) ఒక్కో చుట్టుకు ప్రైమరీలో (వాల్వు వైపు తీగచుట్ట) 25 చుట్లు.

ఈ లెక్క ఒక్కటే చెప్పి వైండింగ్ షాపు నుంచి వచ్చేయకండి. హన్మకొండలో బోరు మోటార్లు చుట్టేవాళ్ల చేయి మంచిదే, కానీ మన పని వాళ్లకు కొత్త. ఒకే పవర్ వాల్వు కాబట్టి దాదాపు 45 మిల్లీఆంపియర్ల డీసీ ప్రైమరీలో ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. మామూలుగా చేసినట్టు 'ఈ', 'ఐ' రేకులను అటొకటి ఇటొకటి పేరిస్తే కోర్ (ఆ రేకుల దిమ్మ) సాచురేట్ అయి, అంటే ఇక అయస్కాంతాన్ని మోయలేక, గిటార్ లావు తీగల మోత చచ్చిపోతుంది. 'ఈ'లన్నీ ఒకవైపు, 'ఐ'లన్నీ ఇంకోవైపు పెట్టి, మధ్యలో పల్చటి కాగితం ఇరికించమనండి. ఆ సందు వల్ల ఇండక్టెన్స్ (లావు తీగల మోతను నిలబెట్టే గుణం) పడిపోతుంది, అందుకే కోర్ పెద్దది కావాలి. "ఐదు వాట్లకు ఇంత ఇనుమెందుకన్నా?" అంటారు. తగ్గకండి.

రెండు 6వి6లతో పుష్‌పుల్ (ఒకటి తోస్తే ఇంకోటి లాగే పద్ధతి) చేస్తే డీసీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, వాట్లను బట్టి చూస్తే ఇనుము తక్కువే పడుతుంది. 285 వోల్టుల దగ్గర 14 వాట్లు వస్తాయి. కానీ రెండింటికీ ఎదురెదురు సిగ్నల్స్ ఇచ్చే ఫేజ్ ఇన్వర్టరుకు ఇంకో వాల్వు, జత కుదిరిన 6వి6లు కొనాలి. ఇంతా చేసి 4.5 వాట్ల మీద పెరిగే మోత 5 డెసిబెల్సే! ఒక వాట్‌కు 94 డెసిబెల్స్ మోగే స్పీకరు తీసి 99ది పెట్టినా అంతే పెరుగుతుంది. ఇంట్లో వాయించుకునేవాళ్లు ఆ డబ్బు స్పీకరు మీద పెట్టడమే మేలు.

డబ్బు మిగిల్చేది ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ దగ్గర. 5వై3 వాల్వుకు 5 వోల్టులు, 2 ఆంపియర్ల వైండింగ్ విడిగా కావాలి. 1ఎన్4007 డయోడ్లు చిల్లర డబ్బులకు దొరుకుతాయి, ఒక్కో వైపు రెండేసి సిరీస్‌లో వేయండి. వోల్టేజి పెరుగుతుంది, దాన్ని ఒక రెసిస్టరుతో దించుకోవచ్చు. గట్టిగా మీటితే కుంగే ఆ 'శాగ్' పోతుందని బెంగ వద్దు, ఒంటి వాల్వు ఆంప్‌లో అది ఎలాగూ తక్కువే.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చేతికొచ్చాక, బిగించకముందే ప్రైమరీకి 12 వోల్టుల ఏసీ ఇచ్చి సెకండరీ కొలవండి. మీటరు 0.48 వోల్టుల దగ్గర ఆగితే చుట్లు సరిగ్గా పడ్డట్టే.