సిగరెట్ మానడానికి మందులు: ఎంతవరకు పనిచేస్తాయి, ఎలా వాడాలి?

"నికోటిన్ గమ్ కూడా నమిలి చూశానండీ, ఏం లాభం లేదు." సిగరెట్ మానాలని ప్రయత్నించినవాళ్లు తరచుగా చెప్పే మాట ఇది. రోజుకెన్ని నమిలారు, ఎలా నమిలారు, ఎన్ని వారాలు వాడారు అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. బాగా నాలుక పీకినప్పుడు ఒకటి నోట్లో వేసుకుని, మామూలు బబుల్‌గమ్ నమిలినట్టు గబగబా నమిలేసి, వారం పది రోజులకు ఆపేసి ఉంటారు. అలా వాడితే ఏ మందైనా ఏం చేస్తుంది? ఈ మందులు నిజంగానే పనిచేస్తాయి. కాకపోతే సరిపడా మోతాదులో, సరైన పద్ధతిలో, దాదాపు మూడు నెలలు వాడాలి.

ముందు లెక్క చూడండి

ఎవరి సాయమూ లేకుండా మానడానికి చేసే ప్రయత్నాల్లో సఫలమయ్యేవి నూటికి నాలుగే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందుల మీద జరిగిన వందలాది పరిశోధనలను, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ అనే సంస్థ 2023లో ఒకచోట చేర్చి లెక్కగట్టింది. మందు వాడనివాళ్లలో ఆరు నెలలు, అంతకుమించి పొగకు దూరంగా ఉన్నవాళ్లు నూటికి సుమారు ఆరుగురు. చర్మం మీద అతికించుకునే నికోటిన్ ప్యాచ్ ఒక్కటే వాడితే తొమ్మిది మంది దాకా. బ్యూప్రోపియాన్ మాత్రలతోనూ ఇంచుమించు అంతే. ప్యాచ్‌తో పాటు గమ్ కూడా కలిపి వాడితే సుమారు పన్నెండు. వరెనిక్లిన్ మాత్రలతో సుమారు పద్నాలుగు.

"నూటికి పద్నాలుగేనా?" అని నీరసపడకండి. ఇది ఒక్క ప్రయత్నానికి వచ్చే ఫలితం. పొగ మానినవాళ్లలో చాలామంది ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రయత్నించే మానారు. మందు వాడితే ఒక్కో ప్రయత్నంలో గెలిచే అవకాశం ఒకటిన్నర నుంచి రెండు రెట్లకు పైగా పెరుగుతుందంటే అది చిన్న విషయం కాదు. దానికి కౌన్సెలింగ్ కూడా తోడైతే ఫలితం ఇంకా మెరుగవుతుంది.

మొదటి మెట్టు: మీ అలవాటు ఎంత గట్టిదో తెలుసుకోండి

ఒక్క ప్రశ్న చాలు. పొద్దున్నే లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి వెలిగిస్తారు? అరగంటలోపే అయితే మీ శరీరం నికోటిన్‌కు బాగా అలవాటు పడిందని అర్థం. అరగంట దాటాక అయితే కొంచెం తక్కువ. మందు మోతాదు నిర్ణయించడానికి రోజుకు ఎన్ని తాగుతారన్న దానితో పాటు ఈ జవాబు కూడా కావాలి. బీడీ తాగేవాళ్లకూ ఇదే ప్రశ్న. "బీడీయే కదా, దానికి మందులెందుకు" అనుకోవద్దు, అందులోనూ ఉన్నది నికోటినే.

రెండో మెట్టు: ఏ మందో డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి

నికోటిన్ ప్యాచ్, గమ్ గురించి చాలామందికి ఒక భయం ఉంటుంది: "మళ్లీ నికోటినే కదా ఇచ్చేది?" నిజమే. కానీ సిగరెట్‌లో క్యాన్సర్, గుండెజబ్బు తెచ్చేవి ప్రధానంగా పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్, మిగతా వందల విషాలు. నికోటిన్ చేసే పని మనిషిని కట్టిపడేయడం. దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో అది మెదడుకు చేరుతుంది, ఆ వేగమే వ్యసనానికి మూలం. ప్యాచ్, గమ్ నికోటిన్‌ను నెమ్మదిగా, తక్కువగా అందిస్తాయి. విలవిల్లాడకుండా ఉండడానికి అది సరిపోతుంది, సిగరెట్ ఇచ్చే కిక్కు మాత్రం రాదు. అందుకే కొన్ని వారాల తర్వాత వీటిని తగ్గించుకుంటూ ఆపేయడం సాధ్యమవుతుంది.

వరెనిక్లిన్‌లో నికోటిన్ ఉండదు. మెదడులో నికోటిన్ వెళ్లి కూర్చునే చోట ఇది ముందే కూర్చుని, ఆ భాగాన్ని కొద్దిగా మాత్రమే ఉత్తేజపరుస్తుంది. దాంతో ఆత్రం తగ్గుతుంది. మధ్యలో ఎప్పుడైనా సిగరెట్ తాగినా మునుపటి మజా ఉండదు. మొదట్లో దీనివల్ల డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు వస్తాయని గట్టి హెచ్చరిక ఉండేది. ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. వాళ్లలో సగం మంది అంతకుముందు నుంచీ మానసిక సమస్యలున్నవాళ్లే. ప్యాచ్‌తోనూ, మందు లేని ఉత్తుత్తి మాత్రతోనూ పోల్చి చూస్తే వరెనిక్లిన్‌తో అలాంటి ముప్పు చెప్పుకోదగ్గంతగా పెరగలేదని తేలింది. అదే ఏడాది చివర్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ హెచ్చరికను తీసేసింది. అయినా మందు వాడే రోజుల్లో మనసులో తేడా కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది వికారం. కడుపు నిండా తిన్నాక, గ్లాసుడు నీళ్లతో వేసుకుంటే చాలావరకు తగ్గుతుంది. వింత కలలు, నిద్ర పట్టకపోవడం కూడా కొందరికి ఉంటాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి.

బ్యూప్రోపియాన్ నిజానికి డిప్రెషన్‌కు ఇచ్చే మందు. ఫిట్స్ వచ్చే గుణం ఉన్నవాళ్లు దీన్ని వాడకూడదు. మద్యం అలవాటుంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. రోజూ ఎక్కువగా తాగుతూ ఒక్కసారిగా ఆపేసినవాళ్లకు ఈ మందుతో ఫిట్స్ ముప్పు పెరుగుతుంది.

గర్భిణులు, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు ఏదీ సొంతంగా మొదలుపెట్టకూడదు.

మూడో మెట్టు: తేదీ పెట్టుకోండి, మందు మొదలుపెట్టండి

ప్యాచ్, గమ్ అయితే మానే రోజు పొద్దుటి నుంచే మొదలుపెట్టవచ్చు. మాత్రలు అలా కాదు. వరెనిక్లిన్ వారం ముందు, బ్యూప్రోపియాన్ వారం నుంచి రెండు వారాల ముందు మొదలవ్వాలి, ఎందుకంటే ఒంట్లో మందు సరైన స్థాయికి రావడానికి అంత సమయం పడుతుంది. వరెనిక్లిన్ మామూలుగా మొదటి మూడు రోజులు 0.5 మిల్లీగ్రాములు రోజుకొకటి, తర్వాత నాలుగు రోజులు రోజుకు రెండుసార్లు, ఎనిమిదో రోజు నుంచి 1 మిల్లీగ్రాము రోజుకు రెండుసార్లు, మొత్తం పన్నెండు వారాలు. ఆ మొదటి వారం సిగరెట్ తాగుతూనే మాత్ర వేసుకోవచ్చు, కంగారు పడనక్కర్లేదు.

రోజుకు పదికి మించి తాగేవాళ్లకు ప్యాచ్ సాధారణంగా 21 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. ఆరు వారాల తర్వాత 14, మరో రెండు వారాలకు 7, ఇంకో రెండు వారాలకు ఆపేయడం. వెంట్రుకలు లేని, పొడిగా ఉన్న చర్మం మీద అతికించి, రోజూ చోటు మార్చండి. రాత్రి నిద్ర చెడితే పడుకునేముందు తీసేయవచ్చు.

నాలుగో మెట్టు: గమ్ నమిలే పద్ధతి

ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నికోటిన్ నోటి లోపలి చర్మం నుంచే రక్తంలోకి వెళ్లాలి. గబగబా నమిలితే అది ఉమ్మితో కలిసి కడుపులోకి పోతుంది. అక్కడ పెద్దగా పనిచేయదు, పైగా ఎక్కిళ్లు, గొంతు మంట, వికారం. కాబట్టి నెమ్మదిగా కొన్నిసార్లు నమలండి. కారంగా, చిమచిమలాడినట్టు అనిపించగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి ఉంచండి. ఆ చిమచిమ తగ్గాక మళ్లీ కొంచెం నమిలి, ఈసారి మరోవైపు పెట్టండి. ఇలా అరగంట.

నమిలే పావుగంట ముందు నుంచి కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం లాంటివి వద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఒంటికి పట్టదు. మొదటి సిగరెట్ అరగంటలోపే వెలిగించేవాళ్లకు 4 మిల్లీగ్రాముల గమ్, మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. మన దేశంలో 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండానే దొరుకుతుంది, 4 మిల్లీగ్రాముల దానికి డాక్టర్ చీటీ కావాలి.

గమ్ ఒక్కటే వాడేవాళ్లు నాలుక పీకేదాకా ఆగకుండా, మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున నమలాలి. ప్యాచ్ కూడా ఉంటే అది రోజంతా కాపలా కాస్తుంది. భోజనం తర్వాత, కిళ్లీ కొట్టు ముందు నుంచి వెళ్లేటప్పుడు, ఆఫీసులో టెన్షన్ వచ్చినప్పుడు గమ్ ఆదుకుంటుంది.

ఐదో మెట్టు: మొదటి నెల

చిరాకు, కోపం, నిద్రలేమి, విపరీతమైన ఆకలి మొదటి మూడు రోజుల్లో బాగా ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, విసుక్కున్నా అర్థం చేసుకుంటారు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పొగ తాగేవాళ్ల కాలేయం కాఫీలోని కెఫీన్‌ను వేగంగా కరిగిస్తుంది. సిగరెట్ ఆపగానే ఆ వేగం తగ్గి, తాగే కాఫీ అంతే అయినా ఒంట్లో కెఫీన్ పెరుగుతుంది. గుండెదడ, కంగారు వస్తే అది మందు తప్పు కాకపోవచ్చు. కాఫీ సగానికి తగ్గించి చూడండి. ఇదే కారణంతో ఆస్తమాకు వాడే థియోఫిలిన్, మానసిక వైద్యంలో వాడే క్లోజపిన్, ఒలాంజపిన్ మోతాదులు కూడా మార్చాల్సి రావచ్చు. అవి వాడేవాళ్లు మానే తేదీని తమ డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

ఆరో మెట్టు: ఒకటి తాగేస్తే

పెళ్లిలోనో, స్నేహితుల మధ్యనో ఒకటి వెలిగించారనుకోండి. ప్యాచ్ పీకేయకండి, మాత్ర ఆపకండి. మందు వాడుతూనే మర్నాటి నుంచి మళ్లీ మానండి. అలాగే రెండో వారానికే "ఇక మామూలైపోయాను" అనిపించి మందు ఆపేయడం కూడా ప్రమాదమే. మందు పెట్టిన ఖర్చు దండగ కాకుండా ఉండాలంటే పూర్తి కోర్సు వాడాలి.

మందుతో పాటు మాట సాయం కావాలంటే సిగరెట్ పెట్టె మీదే ఉంది నంబరు: 1800-11-2356. జాతీయ పొగాకు విరమణ హెల్ప్‌లైన్ ఇది, కాల్ ఉచితం. మొదటిసారి చేసేటప్పుడు మూడు విషయాలు సిద్ధంగా పెట్టుకోండి: పొద్దున మొదటి సిగరెట్ ఎప్పుడు తాగుతారు, ఇంతకుముందు ఏ మందు ఎన్నాళ్లు వాడారు, ఆ ప్రయత్నంలో ఏ సందర్భంలో మళ్లీ మొదలుపెట్టారు.