కొన్న గేమ్‌కు మాన్యువల్ ఎక్కడుంటది?

హన్మకొండల మా తమ్ముడు స్టీమ్‌ల (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) ఓ పాత స్ట్రాటజీ గేమ్ కొన్నడు. ఏ మీట దేనికో తెల్వక రెండు రోజులు తిప్పలు పడ్డడు.

ముందు స్టోర్‌ల ఆ గేమ్ పేజీ తెరిచి, కుడిపక్క ‘వ్యూ మాన్యువల్’ ఉందేమో చూడుండ్రి. లేకుంటే లైబ్రరీల గేమ్ పేరు మీద రైట్ క్లిక్ కొట్టి, ‘మేనేజ్’ల ‘బ్రౌజ్ లోకల్ ఫైల్స్’ నొక్కుండ్రి. తెరుచుకున్న ఫోల్డర్‌ల పీడీఎఫ్‌లు వెతకాలె. ‘డాక్స్’ అనే ఫోల్డరుంటే అది సుత. మా తమ్మునికి అక్కడనే దొరికింది.

జీఓజీ అనే ఇంకో ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంల కొంటే ఇంకా అల్కగ: చాలా పాత గేమ్‌లకు ‘ఎక్స్‌ట్రాస్’ల మాన్యువల్ పెడతరు. ఎక్కడా లేకుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌ల గేమ్ పేరు పక్కన ‘మాన్యువల్’ అని కొట్టుండ్రి.

1990ల నాటి గేమ్‌లైతే తప్పకుండ దించుకోండ్రి. కొన్నిట్ల, మాన్యువల్‌ల ఫలానా పేజీల ఉన్న ఫలానా పదం చెప్తెనే ఆట మొదలైతుండె.