మంచం పట్టిన పెద్దవారికి పొలమారకుండా తినిపించాలంటే

పక్షవాతం వచ్చిన పెద్దవారిని పడుకోబెట్టే పాలో జావో నోట్లో పోయడం మన ఇళ్లలో తరచూ కనిపించేదే. అయితే మింగే కండరాలు బలహీనపడిన మనిషిలో ఆ ద్రవం అన్నవాహికలోకి కాక శ్వాసనాళంలోకి జారి, నోటిలోని సూక్ష్మక్రిములతో సహా ఊపిరితిత్తులకు చేరి న్యుమోనియాకు దారితీయవచ్చు. పొలమారితే దగ్గు వస్తుంది కదా అనే ధీమా పనికిరాదు. గొంతులో స్పర్శ తగ్గినవారికి దగ్గు లేకుండానే లోపలికి పోతుంది. తిన్న తరువాత గొంతు తడిగా గురగురమనడం, ఆయాసం, పదే పదే జ్వరం రావడం కనిపిస్తే వైద్యునికి చెప్పాలి.

వీపు వెనుక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కి వాలనివ్వకుండా, చిన్న చెంచాతో కొద్దికొద్దిగా పెడుతూ, ముందుది మింగారని చూసుకున్నాకే తరువాతిది అందించాలి. తిన్నాక కనీసం 30 నిమిషాలు పడుకోబెట్టకూడదు. మంచినీళ్లు, పలుచని మజ్జిగ గొంతులోకి వేగంగా జారిపోతాయి కనుక చాలామందికి చిక్కని జావే నయం. మెతుకులు తేలే చారన్నం మరీ ఇబ్బంది. ఎవరికి ఎంత చిక్కదనం సరిపడుతుందో, మాటతో పాటు మింగడంలోని ఇబ్బందులనూ చూసే స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెబుతారు. రోజూ పళ్లు, నాలుక, కట్టుడు పళ్లు శుభ్రం చేయడాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, న్యుమోనియా ముప్పును అదీ తగ్గిస్తుంది.

పొలమారినప్పుడు మాడు మీద తట్టి నీళ్లు తాగించకుండా, ముందుకు వంచి దగ్గనివ్వాలి. మాట, దగ్గు రెండూ ఆగిపోతే వెంటనే 108కి ఫోన్ చేయిస్తూ, భుజాల మధ్య వీపు మీద మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో 5 సార్లు గట్టిగా చరచాలి.