మిర్రర్‌లెస్సా, వాటర్‌ప్రూఫ్ కాంపాక్టా? చెన్నైలో ఉండేవాళ్ళు కెమెరా ఎలా ఎంచుకోవాలి

ముందు ఫోన్ తీసి గ్యాలరీలో ఏడాది వెనక్కి వెళ్ళండి. మీకు నచ్చిన ఒక్కో ఫోటో దగ్గర ఆగి రెండే విషయాలు చూడండి. అక్కడ కెమెరా ఉంటే తడిసేదా? అక్కడ వెలుతురు ఎంత ఉంది? కాగితం మీద రెండు వరసలుగా గీతలు పెట్టుకుంటూ పోతే పావుగంట పని. దుకాణంలో గంటసేపు మాట్లాడినా తేలనిది ఇక్కడ తేలిపోతుంది.

తడవడం అంటే పక్కన నీళ్ళు ఉండటం కాదు. బెసంట్ నగర్ బీచ్‌లో ఇసుక మీద నిలబడి అలల్ని తీస్తే కెమెరాకు ఉప్పుగాలి తగులుతుంది, అంతే. కోవళంలో సర్ఫ్‌బోర్డు మీద ఉండి తీస్తే తడుస్తుంది. తడ దగ్గరి ఉబ్బలమడుగులో బండ మీద కూర్చుని తీస్తే తడవదు, నడుంలోతు నీళ్ళలో దిగి తీస్తే తడుస్తుంది. ‘మేం బీచ్‌కి తరచూ వెళ్తాం కదా’ అనే ఒక్క కారణంతో వాటర్‌ప్రూఫ్ కెమెరా కొని, తర్వాత ఇంట్లో పెళ్ళి ఫోటోలు మసకగా వస్తున్నాయని బాధపడేవాళ్ళు చాలామంది. ఇది కెమెరా లోపం కాదు. దాన్ని ఆ పనికి చేయలేదు.

వెలుతురు లెక్క

వాటర్‌ప్రూఫ్ కాంపాక్టుల్లో మాట్లాడుకోదగ్గది ఓఎం సిస్టమ్ టీజీ-7. 2023లో వచ్చింది. దీని ముందుది 2019 నాటి ఒలింపస్ టీజీ-6. రెండింటిలోనూ సెన్సర్ (కాంతిని ఫోటోగా మార్చే చిప్) ఒకటే సైజు, 1/2.3 అంగుళాల రకం. అంటే సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు. మిర్రర్‌లెస్ అంటే లెన్సులు మార్చుకునే వీలున్న కెమెరా. సోనీ, నికాన్, ఫుజీ ఏపీఎస్-సి (ఇది సెన్సర్ సైజు పేరు) మిర్రర్‌లెస్ కెమెరాల్లో సెన్సర్ 23.5కి 15.6 మిల్లీమీటర్లు ఉంటుంది. వైశాల్యంలో దాదాపు పదమూడు రెట్లు పెద్దది. ఎన్ని మెగాపిక్సెళ్ళు అని అడగడం మానేసి ఈ పదమూడు రెట్లు గుర్తుపెట్టుకోండి.

మన పెళ్ళిళ్ళలో ముహూర్తం ఏ రాత్రి రెండింటికో పడుతుంది. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణంలో వధూవరుల మధ్య తెర, చుట్టూ బంధువులు, మండపంలో పసుపు లైట్లు. మీరు కొంచెం దూరంగా నిలబడి జూమ్ చేయాలి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ కాంతిని రానిస్తుంది. టీజీ-7 లెన్స్ వైడ్‌లో ఎఫ్ 2 అయినా పూర్తి జూమ్‌లో ఎఫ్ 4.9కి పడిపోతుంది. మిర్రర్‌లెస్‌కి చవకైన ఎఫ్ 1.8 ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ పెడితే దానికంటే ఏడు రెట్లు ఎక్కువ కాంతి వస్తుంది, పైగా అది పదమూడు రెట్ల పెద్ద సెన్సర్ మీద పడుతుంది. ఈ తేడాను ఏ సెట్టింగూ పూడ్చలేదు. మీ కాగితం మీద గీతల్లో సగానికి మించి రాత్రి, ఇంటిలోపల, మండపం అని ఉంటే ఇక ఆలోచించకండి, మిర్రర్‌లెస్ కొనండి. దానితో వచ్చే కిట్ జూమ్ ఒక్కటే చాలదు. 35 గానీ 50 మిల్లీమీటర్లు గానీ ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి మొదటి రోజే బిల్లులో కలపండి.

పక్షుల సంగతీ అంతే. శీతాకాలంలో పులికాట్‌లో రాజహంసల కోసమో, నేలపట్టులో పెలికాన్ల కోసమో వెళ్ళేవాళ్ళకు టీజీ-7లో ఉండే, ఫిల్మ్ కెమెరా లెక్కలో 25 నుంచి 100 మిల్లీమీటర్ల జూమ్ పరిధి పనికిరాదు. పక్షులు గులాబీ చుక్కల్లా మిగులుతాయి. ఏపీఎస్-సి మీద కనీసం 200, వీలైతే 300 దాటిన లెన్స్ ఉండాలి.

మరి టీజీ-7 లాంటి టఫ్ (దెబ్బలకూ నీళ్ళకూ ఓర్చే) కెమెరా ఎక్కడ గెలుస్తుంది? నీళ్ళలో, బురదలో, పిల్లల చేతిలో, ఇంకా దగ్గరి ఫోటోల్లో. లెన్స్ ముందు 1 సెంటీమీటర్ దగ్గరలో ఉన్నదాని మీద కూడా దీనికి ఫోకస్ కుదురుతుంది. ఆకు మీద చీమను, రాతి గుంటలో పీతపిల్లను ఇంత తేలిగ్గా తీయాలంటే మిర్రర్‌లెస్‌కి విడిగా మాక్రో లెన్స్ కొనాల్సిందే. 2.1 మీటర్ల ఎత్తునుంచి పడినా తట్టుకుంటుందని కంపెనీ చెబుతుంది. పైగా రా ఫైల్ (సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉండే, తర్వాత దిద్దుకోదగ్గ ఫైల్) కూడా ఇస్తుంది.

పెట్టె మీద రాసింది చదవడం

‘వెదర్ సీల్డ్’ అని రాసి ఉన్న మిర్రర్‌లెస్ నీళ్ళలో ముంచేది కాదు. చాలా కంపెనీలు ఆ మాటకు రేటింగ్ కూడా ఇవ్వవు. ఇచ్చినవాటిలో ఓఎం సిస్టమ్ మిర్రర్‌లెస్ ఓఎం-5ది ఐపీ53. ఐపీ అంటే దుమ్మునూ నీళ్ళనూ ఎంత ఆపుతుందో చెప్పే కొలమానం. చివరి 3 అంటే పైనుంచి, ఏటవాలుగా 60 డిగ్రీల దాకా పడే జల్లును తట్టుకుంటుందని మాత్రమే. అదీ సీల్ ఉన్న లెన్స్ తగిలించినప్పుడే. నవంబరులో ఈశాన్య రుతుపవనాల వాన గాలితో కలిసి అడ్డంగా కొడుతుంది కాబట్టి దీన్నీ కవరులోనే ఉంచాలి. కానన్ ఆర్50, సోనీ జడ్‌వీ-ఈ10 లాంటి తక్కువ ధర మోడళ్ళకు సీలింగే లేదు.

టీజీ-7ది ఐపీఎక్స్8, 15 మీటర్ల లోతు. పది మీటర్లు దిగితే ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. 15 మీటర్ల దగ్గర మొత్తం రెండున్నర. కానీ ఆ రేటింగ్ మంచినీళ్ళలో, కదలకుండా ఉంచిన కెమెరాకు. పడవ మీదనుంచి చేతిలో కెమెరాతో దూకితే మూత మీద ఒక్కసారిగా పడే తోపుడు ఆ లెక్కలోకి రాదు. మెల్లగా దిగండి, దూకకండి.

ఫోన్‌కి ఐపీ68 ఉంది కదా, కెమెరా ఎందుకని కొందరు అడుగుతారు. చాలా ఫోన్ కంపెనీలు నీళ్ళ వల్ల పాడైతే వారంటీ ఇవ్వవు. తడిసిన టచ్ స్క్రీన్ వేలిమాట వినదు. ఏడాదికి రెండుసార్లు కొలనులో దిగేవాళ్ళకు ఫోన్ చాలు, అంతకంటే ఎక్కువైతే చాలదు.

అసలు కష్టం: మూత

వాటర్‌ప్రూఫ్ కెమెరా కొనాలా వద్దా అన్నది తేల్చేది ఇదే. ఇక్కడ చెప్పే క్రమశిక్షణ మీవల్ల కాదనుకుంటే టఫ్ కెమెరా కొనకండి. కెమెరాలోకి నీళ్ళు రాకుండా ఆపేది ఆ గట్టి ఒళ్ళు కాదు. బ్యాటరీ మూత లోపలి అంచున ఉన్న సన్నటి రబ్బరు సీలు. దాని మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు, తువ్వాలు నూలుపోగు అడ్డంగా పడితే మూత బిగిసినట్టే ఉంటుంది, గొళ్ళెం టక్కుమని పడుతుంది, కానీ ఆ పోగు పక్కనుంచి సన్నటి దారి ఏర్పడుతుంది. మొదటి మునకలో ఏమీ కనిపించదు. లోతు పెరిగేకొద్దీ పీడనం నీళ్ళను ఆ దారిలోంచి తోస్తుంది. ఉప్పునీళ్ళు బ్యాటరీ కాంటాక్టులను తాకిన మరుక్షణం తుప్పు మొదలవుతుంది.

అందుకని మూత బీచ్‌లో తెరవకండి. ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కార్డు నిండినా, బ్యాటరీ అయిపోయినా అంతే. బయల్దేరే ముందు ఇంట్లో, ఏసీ గదిలో, పొడి చేతులతో నిండు చార్జి బ్యాటరీ, ఖాళీ కార్డు పెట్టేయాలి. ఏసీ గది అనడానికి ఇంకో కారణం ఉంది. చెన్నై గాలిలో తేమ ఎక్కువ. ఆ గాలినే లోపల మూసేస్తే, చల్లటి నీళ్ళలోకి దిగగానే ఆ తేమ లెన్స్ గాజు లోపలివైపు పొగలా పేరుకుంటుంది. తుడవడానికి దారి ఉండదు.

మూసే ముందు సీలును టార్చి వెలుతురులో చుట్టూ తిప్పి చూడండి. ఫోన్ టార్చి చాలు, కానీ పక్కవాటంగా పట్టాలి. ఎదురుగా పట్టితే వెంట్రుక కనపడదు. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో సీలును, అది ఆనే ఎదుటి అంచును కూడా తుడవాలి. చాలామంది సీలు తుడిచి, ఎదుటి అంచు మరిచిపోతారు. దూది, టిష్యూ, పంచె కొంగు వాడకండి, అవే పోగులు వదులుతాయి. సీలును గోటితో లాగకండి. అండర్‌వాటర్ హౌసింగ్‌ల (నీళ్ళలో కెమెరాను పెట్టే గట్టి పెట్టెల) ఓ-రింగ్ అనే రబ్బరు వలయానికి రాసే సిలికాన్ గ్రీజు ఈ మూతకు రాయకండి. గ్రీజు ఇసుకను పట్టి ఉంచుతుంది.

టీజీ-7కి మూతలు రెండు. అడుగున బ్యాటరీ, కార్డుది, పక్కన కేబుల్ పెట్టేది. నియమం ఏమిటంటే పక్క మూత తెరవనే తెరవకూడదు. విడిగా చార్జర్, ఇంకో బ్యాటరీ కొనుక్కుని బ్యాటరీని తీసి చార్జి చేయండి. ఫోటోలు వైఫైతో ఫోన్‌కి పంపుకోండి. తెరిచే మూత ఒక్కటే అయితే చూసుకోవాల్సిన సీలూ ఒక్కటే. కేబుల్‌తో చార్జి చేయడం సులువని కెమెరాతో వచ్చిన పుస్తకంలో ఉన్నా, సముద్రానికి తీసుకెళ్ళే కెమెరాకు ఇదే సరైన పద్ధతి. మూత వేశాక గొళ్ళెం పడితే సరిపోదు, లాక్ నాబ్ కూడా తిప్పాలి. చివర్లో వేలితో మూతను బయటికి లాగి చూడండి.

ఎండలో ఇసుక మీద పెట్టి ఉంచిన కెమెరాను నేరుగా నీళ్ళలో వేయకండి. లోపలి గాలి వేడెక్కి ఉంటుంది. చల్లబడగానే కుంచించుకుని బయటి నీళ్ళను లోపలికి లాగుతుంది. తడిగుడ్డలో చుట్టి నీడలో కాసేపు ఉంచి, అప్పుడు దింపాలి.

బయటికి వచ్చాక, ఉప్పు ఆరిపోకముందే బకెట్ మంచినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టండి. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది ఆరితే బటన్ల సందుల్లో పలుకులు కడుతుంది. తీరం పక్క వీధుల్లో బోరునీళ్ళు కొన్నిచోట్ల ఉప్పగానే ఉంటాయి, వాటిలో నానబెడితే కడిగినట్టే కాదు. మెట్రో వాటర్, లేకపోతే క్యాన్ నీళ్ళు వాడండి. నానుతుండగా ప్రతి బటన్నూ పదేసిసార్లు నొక్కుతూ, జూమ్ లీవర్ తిప్పుతూ ఉండాలి. కుళాయి ధారను మూత మీదికి పట్టకండి. తర్వాత తుడిచి నీడలో ఆరబెట్టండి. ఎండ, హెయిర్ డ్రైయర్ రెండూ వద్దు.

పూర్తిగా ఆరాక మూతను కిందివైపుకి పట్టి తెరవండి. సీలుకు బయటివైపు గాడిలో ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే కంగారు పడొద్దు, అవి అక్కడ నిలిచిన కడుగునీళ్ళు. తుడిచేయండి. సీలుకు లోపలివైపు తడి ఉంటే మాత్రం సీలు పోయినట్టే. బ్యాటరీ వెంటనే తీసేయాలి, ‘పనిచేస్తుందో లేదో చూద్దాం’ అని ఆన్ చేయకూడదు. బియ్యంలో పెట్టడం వల్ల ఉప్పు పోదు. సర్వీసుకి పంపాల్సిందే. ఏ లోపమూ లేకున్నా సీళ్ళను ఏడాదికోసారి సర్వీసులో మార్పించమని కంపెనీయే చెబుతుంది. ఆ ఖర్చు కెమెరా ధరలో భాగంగానే లెక్కవేసుకోండి.

మిర్రర్‌లెస్ వైపు మొగ్గితే

బీచ్‌లో లెన్స్ మార్చకండి. ఏసీ గదిలోంచి తీసిన కెమెరాను జిప్ కవరులో మూసి, బయట అరగంట ఉంచాక తెరవండి, లేదంటే తేమ లెన్స్ మీద పడుతుంది. సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో, చిన్న తేమ మీటరు పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. 60 దాటితే లెన్స్‌లో ఫంగస్ మొదలవుతుంది. తోలు సంచిలో బీరువాలో పెట్టడం అన్నిటికంటే చెడ్డది. నీళ్ళలో కూడా దీనితోనే తీయాలంటే హౌసింగ్ కావాలి. మంచి హౌసింగ్ ధర చాలాసార్లు కెమెరా ధరను దాటుతుంది. అలాంటప్పుడు మిర్రర్‌లెస్ ఒకటి, టఫ్ ఒకటి కొనడమే చవక.

కొనేటప్పుడు

మౌంట్ రోడ్డు పక్క రిచీ స్ట్రీట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా భారతదేశంలో చెల్లే వారంటీ కార్డు ఉందో లేదో చూసి డబ్బు కట్టండి. వాటర్‌ప్రూఫ్ కెమెరాను సెకండ్‌హ్యాండ్‌లో కొనకండి. సీలు ఎంత అరిగిందో కంటికి కనపడదు. ప్రయాణానికి పది రోజుల ముందే కొని బకెట్ పరీక్ష చేయండి. బ్యాటరీ, కార్డు తీసేసి, ఆ ఖాళీలో చిన్న టిష్యూ ముక్క పెట్టి మూసి, అరగంట నీళ్ళ అడుగున ఉంచాలి. ముక్క అంచు మూత కింద చిక్కుకోకుండా చూసుకోండి. ఆరబెట్టి తెరిస్తే ముక్క పొడిగా ఉండాలి. తడిగా ఉంటే ఆ రోజే తిరిగి ఇచ్చేయండి. పొడిగా ఉన్నా 15 మీటర్లకు అది పూచీ కాదు, మూత మాత్రం సరిగ్గా వేశారని అర్థం. మొదటిసారి దించేటప్పుడు రెండు మూడు మీటర్ల లోతులో కాసేపు ఉంచి, పైకి తెచ్చి, లెన్స్ వెనక మసక లేదని చూసుకున్నాకే కిందికి వెళ్ళండి.